కాలేజ్ ఫుట్‌బాల్ కోచ్ కెరీర్‌ని ఎలా చదవాలి: జార్జియాలో విన్స్ డూలీ 40 ఏళ్లు

అట్లాంటా చుట్టుపక్కల ఉండే తెలుగు ఇళ్లలో చాలామంది పిల్లలు ఇప్పుడు ఏథెన్స్‌లోని జార్జియా యూనివర్సిటీకి వెళ్తున్నారు. శనివారం మ్యాచ్ ఉందంటే ఊరు ఊరంతా ఎరుపు, నలుపు బట్టల్లో తిరుగుతుంది. శాన్‌ఫోర్డ్ స్టేడియంలో మైదానానికి డూలీ ఫీల్డ్ అని పేరు. ఎవరీ డూలీ అని ఫోన్‌లో వెతికితే 201-77-10 అని మూడు అంకెలు, కింద నాలుగైదు బిరుదులు కనిపిస్తాయి, చూసి వదిలేస్తాం. కానీ ఆయన 25 సీజన్లు ఫుట్‌బాల్ కోచ్‌గా, మరో పాతికేళ్లు అదే యూనివర్సిటీకి అథ్లెటిక్ డైరెక్టర్‌గా, అంటే అన్ని ఆటలకూ పైఅధికారిగా (పొట్టిగా ఏడీ) చేశారు. అందులో పదేళ్లు రెండు ఉద్యోగాలూ ఒకేసారి. గెలుపోటముల లెక్క మొదటి ఉద్యోగానికే ఉంటుంది, రెండోదానికి అలాంటి లెక్క ఎక్కడా దొరకదు. నా దృష్టిలో ఆ యూనివర్సిటీ ఇవాళ ఇలా ఉండటానికి ఆ రెండో ఉద్యోగమే పెద్ద కారణం. ఇలాంటి కెరీర్ ఎవరిదైనా ఎలా చదవాలో డూలీని పట్టుకుని చెబుతాను.

అమెరికన్ ఫుట్‌బాల్ కొత్తవాళ్లకు ఒక్క ముక్క: ఇది మనం ఫుట్‌బాల్ అనుకునే సాకర్ కాదు. చేత్తో పట్టుకుని పరిగెత్తే, విసిరే ఆట. ఏథెన్స్ అంటే గ్రీసులోది కాదు, జార్జియా రాష్ట్రంలో అట్లాంటాకి తూర్పున ఉండే యూనివర్సిటీ ఊరు.

ముందు మూడు గళ్లు గీయండి

కాగితం మీదైనా, ఎక్సెల్‌లోనైనా సరే. మొదటి గడిలో సంవత్సరం, రెండో గడిలో మైదానంలో ఏం జరిగింది, మూడో గడిలో ఆఫీసులో ఏం జరిగింది. డూలీకి ఈ పట్టిక 1964లో మొదలై 2004లో ముగుస్తుంది. 1978 దాకా మూడో గడిలో ఆయన పైఅధికారి పేరు రాయాలి, 1979 నుంచి ఆయన పేరే. 1988 తర్వాత రెండో గడిలో వేరే కోచ్‌ల పేర్లు వస్తాయి, కానీ వాళ్లని పెట్టిందీ తీసిందీ మూడో గడిలోని మనిషే. ఈ పట్టిక లేకుండా చదివితే కెరీర్ అంతా ఒక పొగడ్తల జాబితాలా కనిపిస్తుంది, ఏ నిర్ణయం వల్ల ఏం జరిగిందో మాత్రం తెలియదు.

రికార్డ్ అంకెలు

201-77-10 అంటే 201 గెలుపులు, 77 ఓటములు, 10 టైలు. 1996 సీజన్ నుంచి ఓవర్‌టైమ్ వచ్చింది కాబట్టి ఇప్పటి కోచ్‌లకు మూడో అంకె ఉండదు. పాతవాళ్లకు ఉంటుంది. శాతం లెక్కకట్టేటప్పుడు టైని సగం గెలుపుగా వేస్తారు: 201కి 5 కలిపి 288 మ్యాచ్‌లతో భాగిస్తే 71.5 శాతం. ఎవరైనా 72.3 అని రాస్తే వాళ్లు టైలను పక్కన పెట్టేశారని అర్థం.

తర్వాత కాన్ఫరెన్స్ టైటిల్స్ చూడాలి. కాన్ఫరెన్స్ అంటే ఏటా తమలో తాము ఆడుకునే యూనివర్సిటీల గుంపు. జార్జియా ఆడేది సౌత్‌ఈస్టర్న్ కాన్ఫరెన్స్‌లో, దాన్నే ఎస్‌ఈసీ అంటారు. డూలీకి ఆరు టైటిళ్లు: 1966, 1968, 1976, 1980, 1981, 1982. అప్పట్లో కాన్ఫరెన్స్‌కి ఫైనల్ మ్యాచ్ ఉండేది కాదు, అది 1992లోనే మొదలైంది. సీజన్‌లో కాన్ఫరెన్స్ మ్యాచ్‌ల లెక్క ఎవరిది మెరుగ్గా ఉంటే టైటిల్ వాళ్లకే, ఇద్దరికి సమానంగా ఉంటే పంచుకునేవాళ్లు. జాతీయ చాంపియన్‌ను తేల్చే ప్లేఆఫ్ కూడా అప్పట్లో లేదు. సీజన్ చివర్లో పెద్ద జట్లు బౌల్ గేమ్స్ ఆడేవి, ఆ తర్వాత పత్రికా విలేకరులు, కోచ్‌లు ఓట్లేసి ఎవరు నంబర్ వన్ అని తేల్చేవాళ్లు. 1980లో జార్జియా 11-0తో ఉండి, 1981 జనవరి 1న షుగర్ బౌల్‌లో నోటర్ డేమ్‌ను 17-10తో ఓడించింది కాబట్టి ఓట్లు వేరేవాళ్లకు పోయే అవకాశమే లేకపోయింది. పాత కోచ్‌ని ఇప్పటి కోచ్‌తో పోల్చేటప్పుడు ఈ తేడా మర్చిపోతే ఇద్దరికీ అన్యాయమే.

మొత్తం అంకెల కన్నా గుంపులుగా చూడండి. 1980 నుంచి 1983 దాకా నాలుగేళ్లలో 43-4-1. ఆ నాలుగేళ్లు తీసేస్తే మిగతా 21 సీజన్లలో 158 గెలుపులు, 73 ఓటములు, 9 టైలు, అంటే మంచి కోచే కానీ అందరూ తలుచుకునే కోచ్ కాదు. అందుకే ఆ నాలుగేళ్లలో ఏం జరిగింది అనేది అడగాల్సిన ప్రశ్న. జవాబు మూడు వంతులు ఒక్క కుర్రాడు: రైట్స్‌విల్ అనే చిన్న ఊరి నుంచి వచ్చిన హర్షెల్ వాకర్. 1980లో మొదటి ఏడాది విద్యార్థిగానే బంతితో 1,616 గజాలు పరిగెత్తాడు, 1982లో దేశంలో ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ గెలిచాడు. ఇక్కడ ఒక రూల్ గురించి తెలిసి ఉండాలి. 1972కి ముందైతే ఫుట్‌బాల్‌లో మొదటి ఏడాది కుర్రాళ్లు అసలు జట్టుకి ఆడకూడదు, వాళ్లకు వేరే ఫ్రెష్‌మన్ జట్టు ఉండేది. పాత రూలే ఉండి ఉంటే 1980లో వాకర్ పెద్ద జట్టులో ఉండేవాడు కాదు. రూల్స్ ఎప్పుడు మారాయో కూడా రాసుకుని చదవమనేది ఇందుకే.

ఏ స్థితిలో చేతికొచ్చింది?

జట్టు ఎలా ఉన్నప్పుడు కోచ్ వచ్చాడో చూడకుండా గెలుపులు లెక్కపెట్టడం పిచ్ ఎలాంటిదో చూడకుండా బ్యాట్స్‌మన్ సగటు చదవడం లాంటిది. డూలీకి ముందు మూడు సీజన్లలో జార్జియా రికార్డ్ 10-16-4. ఆఫీసు వైపు కూడా బాగా లేదు, చాలాకాలం కోచ్‌గానూ ఏడీగానూ ఉన్న వాలీ బట్స్ 1963లో దిగిపోయారు. కొత్త ఏడీగా జోయెల్ ఈవ్స్ వచ్చారు, ఆయన అప్పటిదాకా ఆబర్న్ యూనివర్సిటీలో బాస్కెట్‌బాల్ కోచ్. ఈవ్స్ తెచ్చిన మనిషి డూలీ: వయసు 31, ఆబర్న్‌లో ఫ్రెష్‌మన్ జట్టు చూసుకునేవాడు, ఎక్కడా హెడ్ కోచ్‌గా చేయలేదు. పైగా ఆబర్న్ జార్జియాకు పాత ప్రత్యర్థి. అలబామా రాష్ట్రంలోని మొబీల్‌లో పుట్టి, ఆబర్న్‌లోనే క్వార్టర్‌బ్యాక్‌గా (బంతి విసిరి ఆట నడిపేవాడిగా) ఆడి, మెరీన్స్ సైనిక దళంలో పనిచేసి, తిరిగి ఆబర్న్‌లోనే కోచింగ్ చేస్తూ చరిత్రలో ఎమ్మే చేసిన మనిషి. జార్జియా జనానికి ఆయన పూర్తిగా బయటివాడు.

మొదటి మ్యాచ్ అలబామాతో 31-3 ఓటమి. సీజన్ ముగిసేసరికి 7-3-1, సన్ బౌల్‌లో గెలుపు. మరుసటి ఏడాది అదే అలబామాను 18-17తో ఓడించారు. పట్టికలో 1964, 1965 వరుసలు పక్కపక్కన పెడితే జట్టు ఎంత త్వరగా నిలబడిందో తెలుస్తుంది. నేనైతే ఇందులో ఈవ్స్‌కి చాలా పేరు ఇస్తాను. పేరున్నవాడిని తేకుండా పనిచేసేవాడిని తెచ్చాడు. పదిహేనేళ్ల తర్వాత ఆయన దిగిపోయినప్పుడు ఆ కుర్చీలో కూర్చున్నది డూలీయే.

చెడ్డ ఏళ్లు, ఫోటోలు

గెలిచిన సీజన్ల గురించి అందరూ రాస్తారు. మీరు ముందు ఓడిన సీజన్లు వెతకండి. డూలీకి ఓటములు ఎక్కువైన ఏడాది ఒక్కటే, 1977లో 5-6. 1974లో 6-6, 1979లో 6-5. ఈ రెండు అంకెల మధ్య 1976 టైటిల్, 1978లో 9-2-1 ఉన్నాయి. పడిన ప్రతిసారీ ఒకటి రెండేళ్లలో లేచారు. చుట్టూ ఉన్నవాళ్లు ఆగారు కూడా. ఇవాళైతే పదో సీజన్ దాటాక 6-6 వస్తే ఎంతమంది ఏడీలు ఆగుతారు?

ఇంకో పని చేయండి, జట్టు గ్రూప్ ఫోటోలు ఏడాదివారీగా చూడండి. జార్జియా యూనివర్సిటీలోకి మొదటి నల్లజాతి విద్యార్థులు షార్లేన్ హంటర్, హామిల్టన్ హోమ్స్ కోర్టు ఆర్డర్‌తో 1961లో అడుగుపెట్టారు. ఫుట్‌బాల్‌లో నల్లజాతి కుర్రాళ్లకు స్కాలర్‌షిప్ ఇచ్చింది మాత్రం 1971లో, ఐదుగురికి. వాళ్లు ప్రధాన జట్టుకి ఆడింది 1972 నుంచి. అంటే డూలీ మొదటి రెండు టైటిళ్లు, 1966, 1968, పూర్తిగా తెల్లవాళ్ల జట్లతో వచ్చినవి. దక్షిణాదిలో చాలా యూనివర్సిటీల కథ ఇదే, అయినా ఒక కోచ్ కెరీర్ చదువుతూ ఇది రాసుకోకపోతే సగం చరిత్ర దాచినట్టే. పదేళ్ల తర్వాత అదే యూనివర్సిటీకి జాతీయ టైటిల్ తెచ్చింది నల్లజాతి కుర్రాడు వాకర్ అన్న సంగతి ఈ వరుసల పక్కనే ఉండాలి.

కింద పనిచేసినవాళ్లు

అసిస్టెంట్ కోచ్‌లు ఎంతకాలం ఉన్నారు, తర్వాత ఎక్కడికి వెళ్లారు అనేది చూస్తే హెడ్ కోచ్ ఎలాంటివాడో కొంత తెలుస్తుంది. డిఫెన్స్ చూసుకున్న ఎర్క్ రస్సెల్ 1964 నుంచి 1980 దాకా డూలీ దగ్గరే ఉన్నారు, జాతీయ టైటిల్ గెలిచాక జార్జియా సదరన్‌కి వెళ్లి, 1941 తర్వాత ఆగిపోయిన ఫుట్‌బాల్‌ను మళ్లీ మొదలుపెట్టి, 1985, 1986, 1989లో తమ డివిజన్‌లో జాతీయ టైటిళ్లు గెలిచారు. తమ్ముడు బిల్ డూలీ మొదట్లో అన్న దగ్గరే ఆఫెన్స్ చూసి, తర్వాత నార్త్ కరోలినాకి హెడ్ కోచ్ అయ్యారు. 1971 గేటర్ బౌల్‌లో అన్నదమ్ములు ఎదురెదురు జట్లతో దిగారు, అన్న 7-3తో గెలిచారు.

ఇప్పుడు అసలు సంగతి: ఏడీ కుర్చీ

అథ్లెటిక్ డైరెక్టర్ అంటే పీఈటీ సార్‌కి పెద్ద రూపం అనుకోకండి. అన్ని ఆటల కోచ్‌లనూ పెట్టేది, తీసేది ఆయనే. టికెట్లు, దాతలు, టీవీ డబ్బు, స్టేడియం కట్టడాలు, ఆటగాళ్ల చదువు, రూల్స్ పాటించడం అన్నీ ఆ బల్ల మీదికే వస్తాయి. జార్జియాలో ఇదంతా నడిపేది యూనివర్సిటీకి అనుబంధంగా విడిగా ఏర్పడిన లాభాపేక్ష లేని సంస్థ, పేరు యూనివర్సిటీ ఆఫ్ జార్జియా అథ్లెటిక్ అసోసియేషన్. ఈ పేరు గుర్తుంచుకోండి, దేశ అత్యున్నత న్యాయస్థానం తీర్పులో ఇది ఉంది.

అప్పట్లో ఏ కాలేజ్ మ్యాచ్ టీవీలో రావాలి, ఒక జట్టు ఎన్నిసార్లు రావాలి, ఎంత డబ్బు ఇవ్వాలి అన్నీ ఎన్‌సీఏఏ అనే జాతీయ సంఘమే తేల్చేది. ఓక్లహోమా యూనివర్సిటీ, జార్జియా అథ్లెటిక్ అసోసియేషన్ కలిసి 1981లో కోర్టుకెక్కాయి. 1984 జూన్ 27న సుప్రీంకోర్టు 7-2తో ఎన్‌సీఏఏ టీవీ ప్లాన్ గుత్తాధిపత్య నిరోధక చట్టానికి విరుద్ధం అని కొట్టేసింది. విరుద్ధంగా రాసిన జడ్జి బైరన్ వైట్, ఆయన కుర్రతనంలో కొలరాడోకి ఆడిన స్టార్ ఫుట్‌బాల్ ఆటగాడు. ఇవాళ శనివారం పొద్దున్నుంచి అర్ధరాత్రి దాకా టీవీలో మ్యాచ్ మీద మ్యాచ్ వస్తోందన్నా, కాన్ఫరెన్స్‌లు టీవీ ఒప్పందాల కోసం జట్లను మార్చుకుంటున్నాయన్నా దాని వేర్లు ఆ తీర్పులో ఉన్నాయి. 1984లో ఏడీ ఎవరు, ఆ కేసులో ఆయన సంస్థ ఎక్కడుంది, ఇది మీ పట్టికలో మూడో గడిలో పెద్ద అక్షరాలతో ఉండాలి. 201 గెలుపుల్లో ఏ ఒక్కటీ ఆటను ఇంతగా మార్చలేదు.

రెండోది అమ్మాయిల ఆటలు. చదువు సంస్థల్లో ఆడ, మగ తేడా చూపకూడదనే ఫెడరల్ చట్టం, టైటిల్ నైన్, 1972లో వచ్చింది. చట్టం ఉన్నంత మాత్రాన డబ్బు రాదు, ఏడీ ఇవ్వాలి. చాలామంది ఫుట్‌బాల్ కోచ్‌లు ఏడీలయ్యాక ఫుట్‌బాల్‌కే దోచిపెట్టారనే మాట ఉంది కాబట్టి ఇది జాగ్రత్తగా చూడండి. జార్జియాలో ఆండీ లాండర్స్ అమ్మాయిల బాస్కెట్‌బాల్ కోచ్‌గా 1979లో వచ్చారు, 1983లోనూ 1985లోనూ జట్టు ఫైనల్ ఫోర్‌కి, అంటే జాతీయ టోర్నీలో చివరి నాలుగు జట్లలోకి వెళ్లింది. సుజానే యోకులన్ జిమ్నాస్టిక్స్ జట్టు డూలీ కాలంలో ఐదుసార్లు జాతీయ చాంపియన్: 1987, 1989, 1993, 1998, 1999. ఈత జట్టు అమ్మాయిలు 1999, 2000, 2001 వరుసగా గెలిచారు. మనవాళ్ల పిల్లలు ఎక్కువగా టెన్నిస్, ఈత, జిమ్నాస్టిక్స్ వైపే వెళ్తారు కదా, వాళ్లకు ఈ వరుసలే దగ్గరివి.

1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో సాకర్ ఫైనల్స్ శాన్‌ఫోర్డ్ స్టేడియంలోనే జరిగాయి. మైదానం చుట్టూ 1929 నుంచి ఉన్న మొక్కల కంచె జార్జియా వాళ్లకు ప్రాణం. సాకర్‌కి వెడల్పు సరిపోదు కాబట్టి దాన్ని తీసేయాల్సి వచ్చింది. ముందే కొమ్మలు కత్తిరించి వేరే చోట పెంచి, ఆటలయ్యాక మళ్లీ నాటారు. ఒలింపిక్స్ చరిత్రలో మొదటి మహిళల సాకర్ ఫైనల్ అక్కడే, అమెరికా 2-1తో చైనాను ఓడించింది. రెండు రోజులకు నైజీరియా 3-2తో అర్జెంటీనాను ఓడించింది. ఇలాంటివి చదివేటప్పుడు స్కోర్‌తో ఆగకుండా, కంచె తీయడానికి ఒప్పుకున్నది ఎవరు అని అడగండి.

ఇక కోచ్‌లను పెట్టడం. తన తర్వాత రే గాఫ్, 46-34-1. తర్వాత జిమ్ డానన్, 40-19. 2000 చివర్లో మార్క్ రిక్ట్, 145-51. రిక్ట్ 2002లో ఎస్‌ఈసీ గెలిచారు, 1982 తర్వాత అదే మొదటిది. అంటే తానే 25 ఏళ్లు చేసిన ఉద్యోగానికి సరైన మనిషిని వెతకడానికి డూలీకి పన్నెండేళ్లు పట్టింది. గెలవడం తెలిసినవాడికి గెలిచేవాడిని గుర్తుపట్టడం కూడా తెలుస్తుందని లేదు. ఏడీ ఎవరినైనా ఈ వరుసతోనే కొలవాలని నా గట్టి అభిప్రాయం.

పొగడ్తల్లో కనపడని ఫైలు

ప్రతి పొడుగు కెరీర్‌లోనూ ఒక కేసు ఉంటుంది. ఇక్కడ అది జ్యాన్ కెంప్ కేసు. చదువులో వెనకబడిన విద్యార్థులకు ఇంగ్లిష్ చెప్పే టీచర్ ఆమె. కోర్సు తప్పిన ఫుట్‌బాల్ ఆటగాళ్లను నిబంధనలు పక్కనపెట్టి పైకి పంపారని గొడవ చేసినందుకు ఉద్యోగం పోయింది. ఆమె దావా వేస్తే 1986లో జ్యూరీ పాతిక లక్షల డాలర్లకు పైగా పరిహారం ఇవ్వమంది, తర్వాత అది పది లక్షల పైచిలుకుకు తగ్గింది, ఉద్యోగం తిరిగి వచ్చింది. యూనివర్సిటీ ప్రెసిడెంట్ ఫ్రెడ్ డేవిసన్ ఆ ఏడాదే రాజీనామా చేశారు. దావా వేసింది యూనివర్సిటీలో చదువు వ్యవహారాలు చూసే ఇద్దరు అధికారుల మీద, డూలీ మీద కాదు. కానీ అప్పుడు కోచూ ఆయనే, ఏడీ కూడా ఆయనే. కేసులో ముద్దాయి కాకపోవడం, బాధ్యత లేకపోవడం రెండూ ఒకటి కాదు. రెండు కుర్చీలు ఒకే మనిషికి ఇస్తే కోచ్‌ని అడగాల్సిన ఏడీ ఎవరూ ఉండరు. ఇప్పుడు పెద్ద యూనివర్సిటీల్లో ఆ పద్ధతి దాదాపు పోయింది, పోవడమే మంచిది.

ఎలా దిగిపోయారు

కోచ్‌గా దిగింది తన ఇష్టంతో, చివరి మ్యాచ్ 1989 జనవరి 1న గేటర్ బౌల్‌లో మిషిగన్ స్టేట్ మీద 34-27, అదే 201వ గెలుపు. ఏడీగా దిగింది మాత్రం ఇష్టంతో కాదు. 2003లో కాంట్రాక్ట్ పొడిగించమని అడిగితే ప్రెసిడెంట్ మైకేల్ ఆడమ్స్ ఒప్పుకోలేదు, దాతలూ పూర్వ విద్యార్థులూ పెద్ద గొడవ చేశారు, అయినా 2004 జూన్‌లో దిగిపోయారు. అంతకుముందు డానన్‌ని తీయించింది కూడా ఆడమ్సే, డూలీకి ఇష్టం లేకుండా. ఏడీ పైన కూడా ఒకరుంటారని ఈ రెండు వరుసలూ చెబుతాయి. ఆయన స్థానంలో వచ్చిన డేమన్ ఎవాన్స్ ఎస్‌ఈసీలో మొదటి నల్లజాతి ఏడీ. ఇదివరకు చూసిన ఫోటోల వరుస ఇక్కడిదాకా లాగండి.

తర్వాత ఆయన తోటపని మీద పడి యూనివర్సిటీలో హార్టికల్చర్ క్లాసులకు వెళ్లారు, కెన్నెసా స్టేట్‌లో ఫుట్‌బాల్ పెట్టాలా వద్దా తేల్చే కమిటీకి పెద్దగా ఉన్నారు. 1980 తర్వాత జార్జియాకు మళ్లీ జాతీయ టైటిల్ 2021 సీజన్‌లో వచ్చింది, అది చూసి 2022 అక్టోబర్ 28న, 90 ఏళ్ల వయసులో, ఏథెన్స్‌లోనే పోయారు.

ఎక్కడ వెతకాలి, తర్వాత ఎవరిని చదవాలి

సీజన్ రికార్డులకు యూనివర్సిటీ వాళ్ల మీడియా గైడ్ చాలు. ఆఫీసు గడికి అది పనికిరాదు, దానికి పాత పత్రికలే కావాలి. విద్యార్థుల పత్రిక ది రెడ్ అండ్ బ్లాక్ పాత సంచికలు డిజిటల్ లైబ్రరీ ఆఫ్ జార్జియాలో ఉచితంగా ఉన్నాయి. స్టేడియంలో సీట్లు, స్కాలర్‌షిప్‌లు, కోచ్‌ల జీతాల గొడవలన్నీ విద్యార్థులు రాసినంత సూటిగా ఇంకెవరూ రాయలేదు. 1981, 1986, 2003 ముందు తీయండి.

ఇది పట్టుబడ్డాక నెబ్రాస్కా టామ్ ఆస్‌బర్న్ మీద ప్రయత్నించండి. కోచ్‌గా 1973 నుంచి 1997, 255-49-3. తర్వాత పదేళ్లు ఏడీ గడి ఖాళీ, మధ్యలో ఆరేళ్లు అమెరికా కాంగ్రెస్‌లో ఉన్నారు, 2007లో ఏడీగా తిరిగొచ్చారు. డూలీ పట్టికలో పదేళ్లు ఒకదాని మీద ఒకటి పడిన గళ్లు ఇక్కడ అసలు కలవవు. ఆయన ఏడీగా ఉండగానే నెబ్రాస్కా 2011లో బిగ్ టెన్ కాన్ఫరెన్స్‌కి మారింది, మొదట ఆ వరుస నుంచే మొదలుపెట్టండి.